ఫెయిర్ చేసిన కథ

"అది కుళాయి కాదు. వానపాము."

"కుళాయే!"

"కుళాయి ఎక్కడైనా ఇలా మెలికలు తిరిగి ఉంటుందా?"

"దానికి జలుబు చేసింది. అందుకే వంగిపోయింది," అంది బొంగరం.

స్కేలు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టి పావుగంట కూడా కాలేదు. అప్పుడే వాడికి తల ప్రాణం తోకకి వచ్చింది.

స్కేలు ఐదో తరగతి. వాడి చొక్కా జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్కేలు ఒకటి ఉంటుంది కాబట్టి ఆ పేరు. తేదీ కింద ఒక గీత, హెడ్డింగు కింద రెండు గీతలు, జవాబు పూర్తయ్యాక ఇంకో గీత. వాడి నోట్సు అచ్చు వేసిన పుస్తకంలా ఉంటుంది. ఒకసారి పుట్టినరోజు కేకుని కూడా కొలిచి కోశాడని బడిలో చెప్పుకుంటారు. అది నిజమే.

బొంగరం ఒకటో తరగతి. ఆ పిల్ల కూర్చుంటే కుర్చీ కూడా కుదురుగా ఉండదు. అందుకని ఆ పేరు.

ఈ ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టిన ఘనత లైబ్రరీ టీచరుది. ఆవిడ ప్రతి ఏడూ ఐదో తరగతి వాళ్లకి తలా ఒక ఒకటో తరగతి పిల్లని అప్పజెబుతుంది. చిన్నవాళ్లకి రాయడం ఇంకా సరిగ్గా రాదు. కథలు మాత్రం బుర్ర నిండా ఉంటాయి. అందుకని ఒక పెద్ద కాగితం మీద ఆరు గళ్లు ఇస్తుంది. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, చివరికి ఏమైంది అని చిన్నవాళ్లు గడికొక బొమ్మ వేసుకోవాలి. శనివారం ఆ బొమ్మలు చూసుకుంటూ అమ్మానాన్నల ముందు కథ చెప్పాలి.

బోర్డు మీద మూడే మూడు రూల్సు రాసి ఉన్నాయి.

పెన్సిలు చిన్నవాళ్ల చేతిలోనే ఉండాలి.

పెద్దవాళ్లు అడగాలి, వేయకూడదు.

రబ్బరు వాడకూడదు.

మూడోది చదవగానే స్కేలు గుండెలో రాయి పడింది. రబ్బరు లేకుండా బొమ్మా! నీళ్లు లేకుండా స్నానం చేయమన్నట్టుంది.

"టీచర్, తప్పు వేస్తే ఎలా?" అని అడిగాడు.

"తప్పని నీకెలా తెలుస్తుంది? కథ నీది కాదుగా," అంది లైబ్రరీ టీచరు. అంతలో పక్క బల్ల దగ్గర ఎవరో క్రేయాను నోట్లో పెట్టుకుంటే ఆవిడ అటు పరుగెత్తింది.

బొంగరం రెండో గడిలో మూడు పెద్ద చుక్కలు పెట్టింది.

"ఇవేంటి? నీటి చుక్కలా?"

"కాదు. తుమ్ములు."

"తుమ్ముల్ని ఎవరైనా బొమ్మ వేస్తారా?"

"నేను వేశాగా."

బొంగరం మూడో గడికి వచ్చి నల్ల క్రేయాను తీసుకుంది. నాలుక బయటపెట్టి, బల్ల మీదికి సగం ఎక్కి, గడంతా నల్లగా రుద్దడం మొదలుపెట్టింది. క్రేయాను రెండు ముక్కలైంది. రెండు ముక్కలతోనూ రుద్దింది. నలుపు బల్లకి అంటింది, మోచేతికి అంటింది, ముక్కుకి కూడా అంటింది.

"ఆపు! ఆపమంటున్నానా! గడంతా పాడు చేశావు!"

"పాడు చేయలేదన్నా. ఇది లోపల..."

"చాలు, చాలు. తర్వాతి గడికి పద. టైము అయిపోతోంది."

బొంగరం వాడి వంక ఒకసారి చూసి నోరు మూసుకుంది. నాలుగో గడిలో ఒక మనిషిని వేసింది. ఆ మనిషి చెవి ఆ మనిషికంటే పెద్దగా ఉంది.

"ఎవరితను?"

"ప్లంబరు."

"చెవి అంతుందేంటి?"

"వింటున్నాడు," అంది బొంగరం. ఇంత చిన్న విషయం కూడా విడమరిచి చెప్పాలా అన్నట్టుంది ఆ గొంతు.

ఐదో గడిలో పచ్చగా, పొడుగ్గా ఏదో వేసింది. స్కేలు అదేమిటని అడగలేదు. చూస్తే అరటిపండని తెలుస్తూనే ఉందిగా! ఆరో గడిలో నిటారుగా ఒక కుళాయి. బెల్లు కొట్టారు. బొంగరం కుర్చీ దిగకుండానే గుమ్మం దగ్గరికి చేరినట్టు మాయమైపోయింది.

పక్క బల్ల దగ్గర స్కేలు క్లాసు అమ్మాయి రేడియో ఉస్సురంటూ కూర్చుని ఉంది. నోరు మూయదు కాబట్టి ఆ అమ్మాయి రేడియో.

"నీ గోలే నయం రా," అంది. "మా వాడు చూడు. ఆరు గళ్లలో ఆరు లారీలు. కథేంట్రా అంటే లారీ వచ్చింది అన్నాడు. తర్వాత అంటే ఇంకో లారీ వచ్చింది అన్నాడు."

"మరి నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? తర్వాత, తర్వాత అని ఆరుసార్లు అడిగాను. నా గొంతు పోయింది."

కాగితాలన్నీ బీరువాలో పెట్టమంది టీచరు. అందరూ పెట్టారు. స్కేలు మాత్రం బొంగరం కాగితాన్ని బ్యాగులో దాచుకున్నాడు. దొంగతనం అనుకోలేదు వాడు. ఏదైనా ముందు రఫ్ రాస్తాం, తర్వాత ఫెయిర్ రాస్తాం. నోట్సులో పద్ధతి అది. కథకి మాత్రం ఎందుకు ఉండకూడదు?

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద స్కేలు కొత్త కాగితం పరిచాడు. ఆరు గళ్లు కొలిచి గీశాడు. మొదటి గడిలో తళతళలాడే కుళాయి. రెండో గడిలో మూడు నీటి చుక్కలు, మూడూ ఒకే సైజు. మూడో గడి దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆ నల్లటి పులుముడుని ఎలా ఫెయిర్ చేయాలి? దాని బదులు ఒక అందమైన ఇల్లు, పైన సూర్యుడు వేశాడు. ప్లంబరుకి మనుషులకి ఉండాల్సిన చెవులు పెట్టాడు. అరటిపండు తొక్క మీద మచ్చలు కూడా వేశాడు.

వాళ్లమ్మ బట్టలు మడతపెడుతూ వచ్చి తొంగి చూసింది.

"ఎవరిదిరా ఇది?"

"ఒకటో తరగతి పిల్లది. ఫెయిర్ చేస్తున్నా."

"చేయమని ఆ పిల్ల అడిగిందా?"

"అడగడం ఎందుకమ్మా? ఆ రఫ్ చూస్తే నీకే తెలుస్తుంది."

"నాకేం తెలుస్తుందిలే," అంది అమ్మ. "నేను సర్దిన బీరువాని మీ నాన్న మళ్లీ సర్దినప్పుడు నాకెంత ఆనందం కలిగిందో మాత్రం తెలుసు." ఆ మాట అని, బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆనందం స్కేలుకి బాగా గుర్తుంది. ఆ రోజు ఇంట్లో రెండు పూటలు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. కానీ అమ్మ ఆ సంగతి ఇప్పుడెందుకు ఎత్తిందో వాడికి తట్టలేదు.

చివరి గడికి స్కెచ్ పెన్నుతో గీత కొడుతుంటే బల్ల కటుక్కున ఊగింది. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. గీత వంకర పోబోయి త్రుటిలో తప్పింది. స్కేలు విసుగ్గా చుట్టూ చూశాడు. ఎదురుగా బొంగరం కాగితం కనిపించింది. ఫెయిర్ అయిపోయాక రఫ్‌తో పనేముంది? దాన్ని ఎనిమిది మడతలు పెట్టి, బల్ల కాలి కింద దోపాడు. బల్ల బుద్ధిగా నిలబడింది.

మర్నాడు, శుక్రవారం, రిహార్సలు. స్కేలు తన కాగితాన్ని జెండా ఎత్తినట్టు ఎత్తి చూపించాడు.

బొంగరం చూసింది. దాని వెనక్కి కూడా తొంగి చూసింది.

"నాది ఏదన్నా?"

"ఇదే నీది. ఫెయిర్ చేశాను. ఎలా ఉంది?"

"చాలా బాగుంది," అంది బొంగరం మర్యాదగా. చుట్టాలింట్లో నచ్చని పలహారం పెట్టినప్పుడు అమ్మ ఇలాగే అంటుంది. "మరి నాది?"

"ఇదే అంటున్నానుగా! చెప్పు కథ. ఊఁ."

బొంగరం కాగితం ముందు నిలబడింది. "ఒక కుళాయి. దానికి జలుబు చేసింది. తుమ్మింది. తుమ్మింది. తుమ్మింది." వేలు మూడో గడి మీదికి వచ్చి ఆగిపోయింది. "ఈ ఇల్లు ఎవరిది?"

"కుళాయి ఉన్న ఇల్లు."

"మనం ఇంట్లోనే ఉన్నాంగా. మళ్లీ బయటికి ఎందుకొచ్చాం?"

"అది... అందం కోసం. నువ్వు తర్వాతిది చెప్పు."

"తర్వాత..." బొంగరం నాలుగో గడి చూసింది. ఐదో గడి చూసింది. "ఇక్కడ అరటిపండు ఎందుకుంది?"

"నువ్వే వేశావు కదా!"

"నేను వేయలేదు."

"వేశావు!"

"వేయలేదన్నా!"

స్కేలు నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే లైబ్రరీ టీచరు వచ్చింది. కాగితం చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని మళ్లీ చూసింది.

"చాలా బాగా వేశావు," అంది. "అయితే రేపు ఈ కథ నువ్వే చెబుతావా?"

"చెప్పగలను టీచర్!" స్కేలు గొంతు సవరించుకున్నాడు. "ఒక కుళాయికి జలుబు చేసింది. తుమ్మింది. అక్కడ ఒక ఇల్లు ఉంది. ప్లంబరు వచ్చాడు. అరటిపండు ఇచ్చాడు. జలుబు తగ్గిపోయింది."

అప్పుడు పక్క బల్ల దగ్గరి లారీల పిల్లాడు చెయ్యెత్తాడు.

"కుళాయి అరటిపండు ఎలా తింటుంది టీచర్?"

క్లాసంతా ఘొల్లుమంది. స్కేలు చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ పిల్ల వేసిన కాగితం ఎక్కడుంది?" అని అడిగింది టీచరు.

"బల్ల కాలి కింద ఉంది టీచర్."

"ఎక్కడా?"

"మా బల్లకి ఒక కాలు పొట్టి టీచర్."

లైబ్రరీ టీచరు ఆ ఫెయిర్ కాగితాన్ని స్కేలు చేతిలో పెట్టింది. "చెదలు తిన్న పుస్తకాలు చూశాను. వానలో తడిసిన పుస్తకాలు చూశాను. బల్ల కింద పడి నలిగే కథని ఇప్పుడే చూస్తున్నాను," అని వెళ్లిపోయింది.

నవ్వు ఆగాక స్కేలు పక్కకి తిరిగి చూశాడు. బొంగరం నవ్వలేదు. కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్లు కదలడం లేదు. ఆ పిల్ల అంత కుదురుగా ఉండటం వాడు చూడటం అదే మొదటిసారి. అలా చూస్తే స్కేలుకి సంతోషం కలగాలి. కలగలేదు.

"ఏమైంది?"

"రేపు మా నాన్న వస్తానన్నాడు."

"వస్తే మంచిదేగా?"

"నాన్న ఎప్పుడూ బడికి రాడు. ఎప్పుడూ ఎవరో ఒకరింట్లో నీళ్లు కారుతూనే ఉంటాయి. రేపు మాత్రం ఎవరింట్లో కారినా సరే వస్తానన్నాడు." బొంగరం తన నల్లటి మోచేతిని గీరుకుంది. "రావద్దని చెప్పేస్తాలే. నాకు కథ రావట్లేదు."

ఆ సాయంత్రం స్కేలు ఇంటికి పరుగెత్తాడు. వెళ్లగానే బల్ల కిందికి దూరి, కాగితాన్ని లాగాడు. బల్ల ఒరిగింది. పైన అమ్మ ఒలిచి పెట్టిన బఠానీలు చిటపటమని నేల మీద దొర్లిపోయాయి.

"ఒరేయ్! కిందేం చేస్తున్నావురా?"

"కథ తీస్తున్నానమ్మా."

"తీయి నాయనా, తీయి. తర్వాత ఆ బఠానీలు కూడా తీయి."

సోఫా కింద నుంచి ఆఖరి బఠానీ దాకా ఏరాకే వాడికి కాగితం విప్పే తీరిక దొరికింది. మడతల దగ్గర చిరుగులు, మధ్యలో బల్ల కాలి అచ్చు. స్కేలు దాన్ని నేల మీద పరిచి అరచేత్తో సాపు చేశాడు. మూడో గడి దగ్గర వాడి చెయ్యి ఆగింది.

నలుపు మధ్యలో ఒక తెల్ల చుక్క ఉంది. మిరియపు గింజంత.

రంగు ఊడిందేమోనని గోటితో గీకి చూశాడు. ఊడలేదు. అక్కడ అసలు రంగే వేయలేదు. క్రేయాను విరిగేలా రుద్దిన పిల్ల, ఆ చుక్క చుట్టూ మాత్రం పిల్లి నడిచినట్టు మెల్లగా నడిచింది.

ఏమిటది? చందమామా? రంధ్రమా? గుండీనా? ఎంత ఆలోచించినా తెలియలేదు. నిన్న బొంగరం "ఇది లోపల..." అని ఏదో చెప్పబోయింది. దేని లోపల? స్కేలుకి ఇప్పుడు తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. చెప్పే మనిషేమో ఇక్కడ లేదు.

చేతిలో పెన్సిలు ఉంది. చిరుగు దగ్గర చెరిగిన చెవికి ఒక చిన్న గీత కలిపితే చాలు. చాలా చిన్న గీత. స్కేలు పెన్సిలు తీసుకెళ్లి డబ్బాలో పెట్టి మూత వేశాడు. చిరుగులకి వెనకవైపు నుంచి సెల్లోటేపు అతికించాడు. ఇంట్లో ఉన్న పెద్ద డిక్షనరీ కింద కాగితం పెట్టి, దాని మీద తను కూడా కాసేపు కూర్చున్నాడు.

శనివారం పొద్దున్న లైబ్రరీ గుమ్మం దగ్గర బొంగరం ఒంటరిగా నిలబడి ఉంది.

"నాన్నకి రావద్దని చెప్పేశావా?" అని అడిగాడు స్కేలు భయంభయంగా.

"చెప్పాను. అయినా వస్తాడట. కథ లేకపోతే ఊరికే నా పక్కన కూర్చుంటాడట."

స్కేలు కాగితం తీసి ఇచ్చాడు. చీవాట్లు తినడానికి సిద్ధంగా నిలబడ్డాడు. బొంగరం చిరుగుల్ని చూడలేదు, బల్ల కాలి అచ్చునీ చూడలేదు.

"నా కుళాయి!" అంది. వెంటనే ఒక చుట్టు తిరిగింది.

"ఈ తెల్ల చుక్క ఏంటి?"

"మొన్న నువ్వు అడగలేదుగా?"

"ఇప్పుడు అడుగుతున్నా. తప్పయింది. చెప్పవా?"

బొంగరం వాణ్ణి కిందికి వంగమని సైగ చేసి, చెవిలో చెప్పింది. "చీమ."

"చీమ తెల్లగా ఉండదు క..." అని, స్కేలు నాలుక కరుచుకున్నాడు. అయినా సగం మాట బయటపడనే పడింది.

"చీకట్లో నల్ల చీమని వేస్తే ఎలా కనిపిస్తుందన్నా? నువ్వు ఐదో తరగతి కదా!"

"అవును," అన్నాడు స్కేలు నీరసంగా. "చీమ అక్కడేం చేస్తోంది?"

"ఇప్పుడు చెప్తే అయిపోతుంది. అందరి ముందూ చెప్తా."

లైబ్రరీ నిండా అమ్మలూ నాన్నలూ చిన్న చిన్న కుర్చీల్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ముందు లారీల పిల్లాడు చెప్పాడు. ఆరు లారీలూ వచ్చాయి. ప్రతి లారీలోనూ ఒక రహస్యం ఉంది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేదాకా కథ ఆగలేదు.

తర్వాత బొంగరం వచ్చింది. స్కేలు పక్కన నిలబడి కాగితం పట్టుకున్నాడు. ఆఖరి వరసలో పనిముట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. ఎవరో చెప్పకుండానే తెలిసిపోయింది. ఆయన కూడా కుర్చీలో కుదురుగా లేడు.

"ఒక కుళాయికి జలుబు చేసింది," అని మొదలుపెట్టింది బొంగరం. "తుమ్మింది. తుమ్మింది. తుమ్మింది. ఎంత కట్టేసినా ఆగలేదు. ఇదిగో, ఇది పైపు లోపల. లోపలంతా చీకటి. అక్కడ ఒక చీమ ఉంది. ప్లంబరుకి ఇంకా తెలీదు. మీరు చెప్పకండి."

ఆఖరి వరసలో ఆయన వెంటనే నోటి మీద వేలు పెట్టుకున్నాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు. బొంగరం అటు చూసింది. ఇన్ని మొహాలు! వేలు గాలిలో ఆగిపోయింది. కథ కూడా మూడో గడిలోనే ఆగిపోయింది.

స్కేలు నోట్లో మాటలు సిద్ధంగా ఉన్నాయి. ప్లంబరు వచ్చాడు అని అనేస్తే చాలు. వాడు ఆ మాటల్ని మింగేశాడు.

"తర్వాత ఏమైంది?" అని అడిగాడు మెల్లగా.

బొంగరం నాలుగో గడి వంక చూసింది. ఆ చెవి అంత పెద్దగా ఉంది కదా, కనపడకుండా ఎక్కడికి పోతుంది?

"తర్వాత ప్లంబరు వచ్చి చెవి పెట్టి విన్నాడు. అది జలుబు కాదు! అవి తుమ్ములు కాదు! లోపల చీమ దారి తప్పి ఏడుస్తోంది. అవి చీమ కన్నీళ్లు. ప్లంబరు టార్చిలైటు వేశాడు."

స్కేలు ఐదో గడి చూశాడు. టార్చిలైటు! ఇప్పుడు చూస్తే అది టార్చిలైటు తప్ప ఇంకోలా కనపడటమే లేదు.

"ఎంత సైజు పైపమ్మా?" అని ఆఖరి వరసలోంచి ఒక గొంతు.

"అర అంగుళం, నాన్నా."

"అయితే చీమ పడుతుంది," అన్నాడాయన తలూపుతూ. "చెప్పు చెప్పు."

"చీమకి దారి కనిపించింది. బయటికొచ్చేసింది. కుళాయి నిటారుగా నిలబడింది." బొంగరం ఆగి, కాగితం మీదికి వంగింది. "చీమ వాళ్లింటికి వెళ్లడం వేయలేదు. ఇక గడి లేదు."

గబుక్కున జేబులోంచి నల్ల క్రేయాను ముక్క తీసి గళ్ల బయట, ఖాళీ అంచులో గీయబోయింది. కాగితం వంగిపోయింది. స్కేలు చెయ్యి జేబులోకి వెళ్లి స్కేలు తీసింది. గీత కొడతాడేమోనని లైబ్రరీ టీచరు కుర్చీలోంచి సగం లేచింది. వాడు ఆ స్కేలుని కాగితం వెనక ఆనించి, గట్టిగా పట్టుకున్నాడు.

"వేయి. ఇప్పుడు వంగదు," అన్నాడు.

ఇంటికెళ్లే చీమ ఈసారి నల్లగా ఉంది. గీతలు దాటి, అంచు దాటి, స్కేలు బొటనవేలి మీదికి కూడా కొంచెం పాకింది.

ఆ సాయంత్రం అమ్మ బఠానీలు ఒలవడానికి కూర్చుంటే బల్ల కటుక్కుమంది. స్కేలు బ్యాగులోంచి ఒక కాగితం తీశాడు. స్కేలు పెట్టి కొలిచి, ఎనిమిది మడతలూ సమానంగా పెట్టి, బల్ల కాలి కింద దోపాడు.

"ఇది నువ్వు కష్టపడి చేసిన ఫెయిర్ కదురా?" అంది అమ్మ.

"కాదమ్మా, రఫ్," అన్నాడు స్కేలు.

అమ్మ బల్ల మీద ఒక బఠానీ పెట్టి చూసింది. అది దొర్లలేదు.